వేసవిలో పిల్లలతో అలిపిరి మెట్లెక్కేవాళ్లకు

సెలవులకు తిరుపతిలో చుట్టాలింటికి వెళ్తే పిల్లలు తిరుమల కొండ నడిచి ఎక్కుదామంటారు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. రెండో నడకదారి శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లే కానీ 2,388 మెట్లు, ఊపిరి ఆడనివ్వదు. పిల్లలుంటే అలిపిరే నయం.

తెల్లవారుజామునే మొదలుపెట్టండి. 2023లో చిరుత దాడుల తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లల్ని పంపడంపై ఆంక్షలు పెట్టారు, ముందురోజే సమయాలు కనుక్కోండి. బ్యాగులు కిందే లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే పైకి చేరుస్తారు.

అందరూ పొరబడేది దారి మధ్యలో వచ్చే గాలిగోపురం దగ్గర. అక్కడిదాకా నిట్టనిలువు మెట్లు. పిల్లలు పరుగెత్తి ఎక్కేసి, చివర్లో మళ్లీ నిట్టనిలువుగా వచ్చే మోకాళ్ల మెట్టు దగ్గర చతికిలబడతారు. మొదటి వెయ్యి మెట్లూ కావాలనే నెమ్మదిగా, పాదం మొత్తం ఆనించి ఎక్కించండి. గోపురం దాటాక చాలాదూరం చదునే, వేగం అక్కడ చూపించొచ్చు.

నీళ్లకు స్టీలు సీసా, ఎందుకంటే కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. గ్లాసులో చిటికెడు అంటూ అందాజుగా వేస్తే ఉప్పు ఎక్కువై వాంతులవుతాయి. వట్టికాళ్లతో నడిచేవాళ్లు మందపాటి నూలు సాక్సులు జేబులో ఉంచుకోండి, ఘాట్ రోడ్డు పక్కన ఎండపడే చోట నేల పెనంలా కాలుతుంది.

దిగేటప్పుడు బస్సే. పెద్దవాళ్ల మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.