తుఫాన్ల నెలల్లో తొలి సెయిలింగా? ముందు తలుపు సంగతి చూడండి

పోయిన వారం మా వీధి కుర్రాడు ఫోన్ చేశాడు. నేవీ ట్రైనింగులన్నీ ముగించుకుని ఓడెక్కి మూడు నెలలైంది. వాళ్ల ఓడలో రాత్రి డ్రిల్ జరుగుతుంటే, పడిపోకుండా ఆపే పిన్ను పెట్టకుండా వదిలేసిన హ్యాచ్ (డెక్కులో పైకెక్కే రంధ్రం) మూత ఓడ ఒక పక్కకి ఒరగగానే ధభాలున పడిందట. నిచ్చెన మీదున్న తోటి కుర్రాడి రెండు వేళ్లు నలిగిపోయాయి. "తల పెట్టి ఉంటే అంతే బాబాయ్" అన్నాడు. పిన్ను ఎవరు తీశారో ఇంకా తేలలేదట. తేలదు కూడా, నాకు తెలుసు.

అక్టోబర్, నవంబర్ దగ్గర పడ్డాయి. తుఫానొస్తోందంటే ఊళ్లో జనం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటారు, వైజాగ్‌లో ఓడలేమో జెట్టీకి కొట్టుకుని పాడవకుండా సముద్రంలోకి పోతాయి. మొదటిసారి ఆ కెరటాల్లోకి వెళ్లే తమ్ముళ్ల కోసం రాస్తున్నా. లైఫ్ జాకెట్ వేసుకోండి, వాంతుల మాత్ర ముందే మింగండి, ఇలాంటివి మీ చీఫ్ ఎలాగూ చెప్తాడు. నేను చెప్పేది తలుపు గురించి.

15 ఏళ్ల సర్వీసులో మంచి మంచి పనిమంతులు కూడా చేయగా చూసిన తప్పు ఇదే: వాటర్‌టైట్ తలుపుకి (నీళ్లు పోకుండా ఆపే ఇనుప తలుపు) చుట్టూ ఉండే గడియల్లో, అంటే క్లిప్పుల్లో, ఒక్కటే తగిలించి వెళ్లిపోవడం. చేసేవాడు బద్ధకస్తుడేం కాదు. అర్ధరాత్రి పన్నెండుకి మిడిల్ వాచ్ (అర్ధరాత్రి కాపలా డ్యూటీ) ఎక్కి నాలుగింటికి దిగాడు, ఎనిమిదింటికి మళ్లీ క్లీనింగ్, ఆ తర్వాత ఫైర్ డ్రిల్, ఆ మధ్యలోనే నిద్ర. ఓ చేతిలో టీ కప్పు. రెండో చేత్తో ఒక క్లిప్పు తోసి, రెండు నిమిషాల్లో తిరిగొస్తా కదా అనుకుని పోతాడు. బంకు (పడక) కనిపించాక ఆ రెండు నిమిషాలు ఎవడికి గుర్తుంటాయి?

ఒక్క క్లిప్పుతో తలుపు మూసినట్టు కనిపిస్తుంది గానీ, నీటి ఒత్తిడి తగిలితే మిగతా అంచంతా వదులే. ఒక గదిలో ఆగాల్సిన నీళ్లు పక్క గదిలోకి, అక్కణ్నుంచి ఆ పక్క గదిలోకి పోతాయి.

నార్వే వాళ్ల యుద్ధనౌక హెల్గె ఇంగ్‌స్టాడ్ సంగతి చూడండి. 2018 నవంబర్ 8, తెల్లవారుజామున నాలుగు గంటలు. బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద వాచ్ మారి పట్టుమని పావుగంట కాలేదు. ఎదురొస్తున్న ట్యాంకర్ దీపాల్ని కదలని వస్తువనుకున్నారు, నౌక వెళ్లి దాన్ని గుద్దేసింది. నౌకలో ఉన్న 137 మందీ బతికి బయటపడ్డారు. ఓడ మాత్రం దక్కలేదు. దిగిపోయే ముందు తలుపులూ హ్యాచ్‌లూ మూసి ఉంటే మునగకుండా ఉండేదని దర్యాప్తులో లెక్కగట్టారు. అంతెందుకు, 2014 నవంబర్ 6 రాత్రి మన వైజాగ్ దగ్గరే ప్రాక్టీసులో వదిలిన టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లే ఆయుధాలు) ఏరుకొచ్చే చిన్న నౌక నీళ్లు చేరి మునిగింది. ప్రాణాలు పోయాయి.

కాబట్టి క్లిప్పులన్నీ వెయ్యండి. రెండు నిమిషాలకైనా సరే. మూసేటప్పుడు ముందు మడతబందులకి ఎదుటి వైపు క్లిప్పు, తెరిచేటప్పుడు ముందు బందుల పక్కది. లేకపోతే తలుపు ఒక మూల బిగుసుకుని మిగతావి కదలవు. తెరిచే ముందు అరచేతి వెనక వైపుతో తలుపు తాకి చూడండి, వేడిగా ఉంటే అవతల మంట ఉన్నట్టే. తలుపు మీద ఎక్స్ అని రాసి ఉందంటే హార్బర్లో కూడా అది మూసే ఉండాలి. తెరవాలంటే డ్యామేజ్ కంట్రోల్ వాళ్లకి (ఓడలో నీళ్లూ మంటలూ చూసుకునేవాళ్లకి) చెప్పి తెరవాలి.

ఇంకోటి, దీనికి నవ్వాలో ఏడవాలో తెలీదు. కెప్టెన్ రౌండ్స్ (కెప్టెన్ తనిఖీ) ముందు రోజు ఒక కుర్రాడు తలుపుకి పెయింట్ వేస్తూ అంచు చుట్టూ ఉన్న రబ్బరుకి కూడా నున్నగా పూసేశాడు. చూడ్డానికి కొత్త బీరువాలా ఉంది. రెండు నెలల్లో రబ్బరు గట్టిపడి బీటలిచ్చింది. రబ్బరుకి పెయింట్ వద్దు, గ్రీజు వద్దు. అనుమానముంటే రబ్బరు ఆనుకునే చట్రం అంచుకి సుద్దముక్క రాసి తలుపు బిగించి తెరవండి, రబ్బరు మీద గీత ఎక్కడైనా తెగిందంటే అక్కడే నీళ్లొస్తాయి.

మిగతావి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నా.

వాచ్‌కి పది నిమిషాల ముందే వెళ్లండి. లుకౌట్ (చుట్టూ సముద్రాన్ని కనిపెట్టి చూసే పని) అయితే ఇంకా ముందు, చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. ఫోన్ చూస్తూ పైకెక్కితే ఆ ఇరవై నిమిషాలూ గుడ్డివాళ్లే.

చూడకుండా లాగ్‌బుక్కులో "అంతా సరిగ్గా ఉంది" అని రాయొద్దు.

తలుపు గుండా కేబుల్ గానీ గొట్టం గానీ లాగొద్దు. తప్పకపోతే ఒక్క గుంజుతో విడిపోయేలా పెట్టండి.

ఉంగరం తీసెయ్యండి. నైలాన్ బనీను వెయ్యొద్దు, మంటకి కరిగి ఒంటికి అంటుకుంటుంది.

రాత్రి బ్రిడ్జికి చెప్పకుండా డెక్ మీదకి పోవద్దు.

ఎవడైనా నీళ్లలో పడితే కేకెయ్యి, వేలు వాడివైపు చూపిస్తూనే ఉండు, చెయ్యి దించకు.

మూసి ఉన్న ట్యాంకులో ఎవడైనా పడిపోయి కనిపిస్తే దిగకు. ఊపిరికి గాలి సెట్టు లేకుండా దిగితే పైకి తేవాల్సింది ఇద్దర్ని. 2016లో కార్వార్‌లో మన విమానవాహక నౌక విక్రమాదిత్య మీద మురుగు ప్లాంట్ గ్యాస్‌కి ఇద్దరు పోయారు.

హ్యాచ్ ఎక్కే ముందు పిన్ను చేత్తో తడిమి చూడు.

బంకు నుంచి పైడెక్కు దాకా దారి కళ్లు మూసుకుని నడువు. ఎన్ని మెట్లో లెక్కపెట్టుకో.

ఇంతలో నిద్రొస్తుంది. వెళ్లి పడుకో. పడుకునే ముందు, ఇందాక నువ్వొచ్చిన తలుపుకి ఎన్ని క్లిప్పులు వేశావు?