బోరు కింద వరా, మక్కా? కొరతను లెక్కగట్టే పద్ధతి

కొరత, అవకాశ వ్యయం, ఉత్పత్తి కారకాలు అని అర్థశాస్త్రం పుస్తకంలో చదివితే పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోతాం. యాసంగిలో (రబీలో) ఒక బోరు, నాలుగెకరాలు ఉన్న తెలంగాణ రైతు లెక్క ఒక్కసారి వేసి చూస్తే మాత్రం గుర్తుండిపోతాయి. కింద ఉన్నవి నమూనా అంకెలు. పొలం ఉన్నవాళ్ళు తమ సొంత అంకెలు పెట్టుకోవాలి.

ముందుగా దేనికి కొరతో తేల్చుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. బిల్లు రాదు కాబట్టి నీళ్ళు ఊరికే వస్తున్నాయనిపిస్తుంది. చేతి నుంచి రూపాయి పోకపోయినా బోరు పోసే నీళ్ళకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎంతో కొలవండి. డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూడండి. మోటారు వేసిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా ఊరిన నీళ్ళు మొదట్లో జోరుగా వస్తాయి. రెండు మూడు గంటలు నడిచాకే కొలవాలి.

డ్రమ్ము నిమిషంలో నిండితే గంటకు 12,000 లీటర్లు. రోజుకు 8 గంటల చొప్పున 110 రోజులు నడిపితే సుమారు 105 లక్షల లీటర్లు. ఇక పంటల అవసరం చూద్దాం. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరంటే సుమారు 4,047 లీటర్లు, అంటే ఎకరానికి దగ్గర దగ్గర 48 లక్షల లీటర్లు. మక్కకు (మొక్కజొన్నకు) 550 మిల్లీమీటర్ల లెక్కన 22 లక్షలు.

అంతా వరే వేస్తే 2 ఎకరాల 7 గుంటల (ఎకరానికి 40 గుంటలు) దగ్గర నీళ్ళు అయిపోతాయి, మిగతా భూమి బీడు. అంతా మక్కే వేస్తే నాలుగెకరాలూ పారి, ఇంకా 17 లక్షల లీటర్లు మిగులుతాయి. అసలు విషయం ఈ రెండింటి మధ్యలో ఉంది. మక్క తీసి వరి పెడుతూ పోతే ఎకరానికి 26 లక్షల లీటర్లు అదనంగా కావాలి. మిగిలిన 17 లక్షలు 26 గుంటల వరకు సరిపోతాయి. ఆ 26 గుంటల దాకా గుంట వరికి గుంట మక్కే పోతుంది, ఎందుకంటే అక్కడ అడ్డుపడేది భూమి. అది దాటాక అడ్డుపడేది నీళ్ళు. ఇక ప్రతి గుంట వరికీ రెండు గుంటల పైచిలుకు మక్క వదులుకోవాలి. ఇలా వదులుకున్నదే అవకాశ వ్యయం. వరిని ఒక గీత మీద, మక్కను ఇంకో గీత మీద పెట్టి ఈ బిందువులు కలిపితే ఉత్పత్తి అవకాశాల రేఖ వస్తుంది. 26 గుంటల దగ్గర అది ఎందుకు వంగిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

రూపాయల్లోకి మార్చేటప్పుడు చాలామంది ఎకరానికి ఎంతొస్తుందో చూస్తారు. కొరత నీళ్ళకు కాబట్టి లక్ష లీటర్లకు ఎంతో చూడాలి. 2025-26 మద్దతు ధర 'ఎ' గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు, మక్కకు 2,400. ఎకరానికి 25 క్వింటాళ్ళ వడ్లు, 30 క్వింటాళ్ళ మక్కలు అనుకుంటే లక్ష లీటర్లకు వరి తెచ్చేది సుమారు 1,244 రూపాయలు, మక్క 3,273. పెట్టుబడి తీసేసి మళ్ళీ చూసుకోండి. మక్కకు మార్కెట్లో మద్దతు ధర దొరక్కపోతే దొరికిన ధరే వేయాలి. 1,800 పడినా 2,454 వస్తుంది. వరిగడ్డి విలువ, మక్క మీద పడే అడవిపందుల, కోతుల నష్టం కూడా లెక్కలోకి రావాలి. నీళ్ళు నిలిచే బురద మడిలో మక్క రాదు. అలాంటి చోట వరికి అవకాశ వ్యయం దాదాపు సున్నా.

ఉత్పత్తి కారకాలు నాలుగూ ఇక్కడే కనిపిస్తాయి. పొలం, భూగర్భజలం "భూమి"లోకి వస్తాయి. నాట్లేసే కూలీలది, రైతుదీ శ్రమ. మోటారు, స్టార్టరు, పైపులు మూలధనం. ఎంత వరి, ఎంత మక్క అని తేల్చి నష్టం భరించేది వ్యవస్థాపన. బ్యాంకులోని డబ్బును మూలధనమని రాసి విద్యార్థులు మార్కులు పోగొట్టుకుంటారు.

నీళ్ళు చాలడం లేదని పక్కనే ఇంకో బోరు వేస్తే? రెండూ ఒకే ఊట నుంచి లాగుతాయి కాబట్టి ఖర్చు రెట్టింపయినా నీళ్ళు రెట్టింపు కావు. క్షీణ ప్రతిఫలాలంటే ఇవే. వరికి అవసరానికి మించి వేసే యూరియా కూడా అంతే, దిగుబడి కంటే పురుగును, పైరు పడిపోవడాన్ని ఎక్కువ తెస్తుంది. పాత బోరుకు పెట్టిన లక్షలను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. ఏ పంట వేసినా అవి తిరిగి రావు.

మార్చి, ఏప్రిల్‌లో నీటి మట్టం పడిపోతుంది. అందుకే డిసెంబరు కొలతను 110 రోజులకూ వర్తింపజేయొద్దు. పోయినేడు ఎండాకాలంలో డ్రమ్ము నిండిన సమయం తెలిస్తే దానితోనే లెక్కించి, నాట్లకు ముందే వరి మడులు తగ్గించుకోవాలి. పొట్ట దశలో నీళ్ళు ఆగితే అప్పటిదాకా పోసినదంతా వృథా.