సీఎన్‌సీ రౌటర్ దారి తప్పుతోందా? కంట్రోలర్ బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

ఇంట్లో కట్టుకున్న రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్క వంటివి చెక్కే మెషీన్) మొరాయిస్తే చాలామంది ముందుగా బోర్డునే అనుమానిస్తారు. నా మాట వినండి, కొత్త బోర్డు కొనడం ఆఖరి పని. ఆర్డ్యునో ఊనో బోర్డులో జీఆర్‌బీఎల్ (మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), టీబీ6600 డ్రైవర్లు (మోటార్లను తిప్పేవి), 5 మి.మీ. పిచ్ (చుట్టుకు 5 మి.మీ. జరిపే) బాల్ స్క్రూలు ఉన్న మెషీన్‌ను లెక్కలోకి తీసుకుందాం. ఒక హెచ్చరిక: పవర్ ఉండగా మోటారు వైర్లు పీకకండి, డ్రైవర్ కాలిపోతుంది.

స్విచ్ ఏదీ తగలకుండానే "అలారం 1" వస్తోంది

స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) ఆపి, బిట్ పైకెత్తి, అదే ఫైల్‌ను గాలిలో నడపండి. అలారం రాకపోతే వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నియంత్రించే పెట్టె) నుంచి వచ్చే నాయిస్ లిమిట్ స్విచ్ (మెషీన్ అంచు దాకా వస్తే ఆపేది) వైర్లలోకి దూరుతోందన్నమాట. స్విచ్‌లను నార్మల్లీ క్లోజ్డ్‌గా (తగలనప్పుడు సర్క్యూట్ మూసి ఉండేలా) మార్చి జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $5=1 పెట్టండి. షీల్డ్ కేబుల్ వాడి, షీల్డ్‌ను బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. ఈ కేబుల్‌ను స్పిండిల్ వైరుకు దూరంగా లాగండి. సిగ్నల్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే ఇంకా మంచిది. $21=0 పెట్టి అలారం నోరు నొక్కేయడం మాత్రం పరిష్కారం కాదు.

పని సాగేకొద్దీ డిజైన్ ఒక పక్కకు జరుగుతోంది

అదే ఫైల్ మళ్లీ నడిపి చూడండి. ప్రతిసారీ వేర్వేరుగా జరిగితే కప్లింగ్ (మోటారును బాల్ స్క్రూతో కలిపే ముక్క) గ్రబ్ స్క్రూ వదులైందేమో చూసి బిగించండి, యాక్సిలరేషన్ తగ్గించండి. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే అంత జరిగితే కారణం వేరు.

జీఆర్‌బీఎల్ దిశ మార్చిన వెంటనే స్టెప్ పల్స్ (మోటారును ఒక స్టెప్పు కదిపే సిగ్నల్) పంపుతుంది. డ్రైవర్‌లోని ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించే భాగం) అంత త్వరగా తేరుకోదు, ఆ పల్స్‌ను పాత దిశలోనే లెక్కేస్తుంది. ఒక వైపు తిరిగినప్పుడే ఇలా జరిగితే వచ్చిపోయిన ప్రతిసారీ రెండు స్టెప్పులు తేడా పడతాయి. 8 మైక్రోస్టెప్‌లో (మోటారు ఒక్కో స్టెప్పును 8 ముక్కలు చేస్తే) చుట్టుకు 1600 పల్స్‌లు, అంటే మిల్లీమీటరుకు 320. బిట్ 200 సార్లు వచ్చిపోతే 1.25 మి.మీ. గల్లంతు! నగిషీ పనిలో అన్నిసార్లు తిరగడం ఎంతసేపు? $2=7 పెట్టి మూడు యాక్సిస్‌ల స్టెప్ పల్స్‌ను తిరగేయండి (ముందే 7 ఉంటే 0). అప్పుడు డ్రైవర్ పల్స్ చివరి అంచు మీద కదులుతుంది, దిశ కుదురుకోవడానికి సమయం దొరుకుతుంది.

వేగం పెంచితే మోటారు కూత పెట్టి ఆగిపోతోంది

ఊనోలో జీఆర్‌బీఎల్ గరిష్ఠంగా సెకనుకు దాదాపు 30,000 పల్స్‌లు ఇస్తుంది. 320 స్టెప్పులకైతే నిమిషానికి 5,625 మి.మీ. దాకా సరిపోతుంది. నునుపు కోసం 32 మైక్రోస్టెప్ పెట్టారో, అది 1,400 చిల్లరకు పడిపోతుంది. 8కి తగ్గించండి, $100 నుంచి $102 దాకా విలువలు (మిల్లీమీటరుకు స్టెప్పులు) మార్చడం మరవకండి. అప్పటికీ ఆగుతుంటే సప్లై వోల్టేజ్, డ్రైవర్ కరెంట్ చూడండి.

జడ్ యాక్సిస్ హోమింగ్ అవ్వడం లేదు

హోమింగ్ అంటే స్విచ్ తగిలే దాకా వెళ్లి మొదలు స్థానం కనుక్కోవడం. పాత సీఎన్‌సీ షీల్డ్ (ఊనో మీద తగిలించే బోర్డు) అయితే జడ్ స్విచ్‌ను స్పిండిల్ ఎనేబుల్ పిన్నుకు పెట్టండి. జీఆర్‌బీఎల్ 0.9 నుంచి జడ్ లిమిట్ డీ12కి (షీల్డ్ మీద స్పిండిల్ ఎనేబుల్ అని ఉన్న పిన్నుకు) మారింది, షీల్డ్ మీద అచ్చు మాత్రం పాతదే.

బోర్డు ఎప్పుడు మార్చాలి?

నాలుగో యాక్సిస్ కావాలంటే ఊనో చాలదు. గాంట్రీకి (స్పిండిల్‌ను మోసే అడ్డ వంతెనకు) రెండు మోటార్లుండి రెండు వైపులా విడివిడిగా హోమింగ్ కావాలంటే, జీఆర్‌బీఎల్ 1.1h ఊనోలోనే ప్రయోగాత్మకంగా ఆ వీలు ఇస్తుంది. ఈఎస్‌పీ32 బోర్డు మీద ఫ్లూయిడ్‌ఎన్‌సీ, టీన్సీ 4.1 బోర్డు మీద జీఆర్‌బీఎల్‌హాల్ సాఫ్ట్‌వేర్ మంచి దారులు. రెండూ 3.3 వోల్టులే ఇస్తాయి కాబట్టి 5 వోల్టుల బఫర్ (సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే చిప్) ఉన్న బోర్డునే ఎంచుకోండి, లేదంటే టీబీ6600 పల్స్‌లు వదిలేస్తుంది.