సామిల్లులో వేలు తెగితే ఓనరు ఏం చేయాలి

గోదావరి జిల్లాల్లో చిన్న సామిల్లులకు, టింబర్ డిపోలకు నేను లెక్కలు రాస్తాను. పదిమంది లోపు పనిచేసే ఈ మిల్లుల్లో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండదు. రంపం కింద ఎవరి వేలు తెగినా పరిహారం బాధ్యత ఓనరుదే.

ముందు ఆసుపత్రి. బిల్లులు మీరే కట్టి రసీదులు దాచండి. ఆ ఖర్చు పరిహారంలోంచి కోసుకునేది కాదు.

అదే సాయంత్రం జరిగింది జరిగినట్టు రాసిపెట్టండి. టైమెంత, ఏ మిషను, బ్లేడు మీద గార్డు ఉందా, పక్కన ఎవరున్నారు అన్నీ ఉండాలి. గార్డు మీరే తీయించి ఉంటే ఆ సంగతీ రాయండి. 'వాడి అజాగ్రత్త' అని ఒక్క ముక్కలో తేల్చేసిన కాగితాలు చాలా చూశాను. మామూలు అజాగ్రత్త వల్ల కార్మికుడి హక్కు పోదు. తాగి ఉండటం, రక్షణ కోసం పెట్టిన గార్డును తెలిసీ కావాలని తీసేయడం లాంటివే మినహాయింపులు. ప్రాణం పోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినా అవి కూడా పనికిరావు. పాలసీ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఆ రోజే తెలియజేయండి.

ఇక డబ్బు లెక్క. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చినా లెక్కగట్టే పద్ధతి పాతదే. 30 ఏళ్ల రంపం మేస్త్రికి నెలకు 15,000 జీతం అనుకోండి. అందులో 60 శాతం 9,000. దాన్ని ఆ వయసుకు పట్టికలో ఉన్న 207.98తో గుణిస్తే 18,71,820. చూపుడు వేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 14 శాతం పోయినట్టు లెక్క, కాబట్టి అందులో 14 శాతం, 2,62,055 రూపాయలు వస్తాయి. బొటనవేలికైతే 30 శాతం. అందుకే జీతాల రిజిస్టరులో అసలు జీతమే ఉండాలి. సగం చూపిస్తే ఆ మనిషికి రావాల్సింది కూడా సగమవుతుంది. అది అన్యాయం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పెద్దమనుషుల రాజీ. యాభై వేలు చేతిలో పెట్టి, స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించుకుంటారు. కార్మిక శాఖలో పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర రిజిస్టరు కాని ఒప్పందం మిమ్మల్ని కాపాడదు, పూర్తి మొత్తం కట్టాల్సిందే. మనిషి చనిపోతే పరిహారం కుటుంబం చేతికివ్వకుండా ఆ అధికారి దగ్గరే జమ చేయండి. చేతికిచ్చింది చెల్లింపు కింద లెక్కలోకి రాదు.

నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు. ఎంత కట్టాలన్న దానిమీద తగాదా ఉన్నా, మీరు ఒప్పుకునేంత వరకు ముందు జమ చేసేయండి.