లారీ ఇంజన్ జీపులోకి ఎక్కాక మొదలయ్యే తిప్పలు

మన హైదరాబాద్‌లో డీసీఎం అంటే కంపెనీ పేరు కాదు, ఆ సైజులో ఉన్న ఏ లారీ అయినా డీసీఎమ్మే. నా పాత మహీంద్రా జీపులో ఉన్నది మాత్రం అచ్చమైన డీసీఎం టయోటా ఇంజన్: 14బీ, 3,660 సీసీ. అంతకుముందు అందులో 2,112 సీసీ ప్యూజో ఉండేది. కొత్తదాన్ని కూర్చోబెట్టడం పది రోజుల్లో అయిపోయింది. బండి దారికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అంతకాలంలోనూ ఇంజన్ లోపలి పార్టు ఒక్కటీ మార్చలేదు. ఇంజన్‌తో పాటు రావాల్సిన సామాను లారీ ఛాసిస్ మీదే ఉండిపోయింది, నా తిప్పలన్నీ దాని వల్లే. అందుకే ఆటోనగర్‌లో ఎవరైనా "హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పుదాం సార్" అంటే కాస్త ఆగి ఇవి చూసుకోండి.

కాగితాల సంగతి కూడా: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఏ అనుమతి లేకుండా ఇలాంటి మార్పు చేయకూడదు. ముందు అక్కడ అడిగి, ఆ తర్వాతే షెడ్డుకు వెళ్లండి.

చదునులో బాగుంటుంది, ఎక్కుడులో ఆగిపోతుంది

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. వికారాబాద్ వైపు మట్టిదారిలో గట్టు సగం ఎక్కేసరికి దగ్గి ఆగిపోయేది. ఫిల్టర్లు మార్చాను, డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించాను, దండగ.

ముందు డీజిల్ ఎంత ఉన్నప్పుడు ఆగుతోందో గమనించండి. సగం కంటే తక్కువున్నప్పుడే ఆగితే తప్పు ట్యాంకులో ఉంది. డీజిల్ పీల్చే పికప్ పైపు ట్యాంకులో ముందు వైపు ఉంటే, బండి ముక్కు లేవగానే డీజిల్ వెనక్కి జారిపోతుంది, పంపు గాలి తాగుతుంది. పైపును వెనక్కి మార్పించి, దాని చుట్టూ చిన్న అడ్డుగోడ వెల్డింగ్ చేయించాలి.

ట్యాంకు నిండుగా ఉన్నా ఆగితే లైన్లో ఎక్కడో గాలి పడుతోంది. పీల్చే వైపు లీకు బయటికి కనబడదు, ఎందుకంటే అక్కడ డీజిల్ బయటికి కారడం కంటే గాలి లోపలికి పోవడమే ఎక్కువ. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు ముందు జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు బిగించి, ఇంజన్ రేస్ చేసి చూడండి. నా బండిలో ఆవగింజంత బుడగలు చీమల బారులా వెళ్తూ కనబడ్డాయి. ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటూ విప్పి బిగించుకుంటూ వస్తే, పాత రాగి వాషర్‌నే మళ్లీ వేసిన బోల్టు దగ్గర దొరికింది. కొత్త వాషర్ వేసి, ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి లైన్లో గాలి తీశాక మళ్లీ ఆగలేదు.

బ్రేక్ పెడల్ రాయిలా ఉంది

జిప్సీ లాంటి పెట్రోల్ బండిలో డీజిల్ పెట్టినవాళ్లకు ఇది తప్పదు. పెట్రోల్ ఇంజన్‌లో థ్రాటిల్ మూసుకున్నప్పుడు మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) వ్యాక్యూమ్ పుడుతుంది, బ్రేకుకు బలం ఇచ్చే బూస్టర్ దాంతోనే నడుస్తుంది. మామూలు డీజిల్‌కు థ్రాటిల్ ఉండదు, అందుకే పాత గొట్టాన్ని మానిఫోల్డ్‌కు తగిలించినా లాభం లేదు. ఆల్టర్నేటర్ వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్నది పెట్టించండి. దానికి ఆయిల్ వచ్చే పైపు, ఇంజన్ ఆయిల్ ఛాంబర్‌లోకి తిరిగిపోయే పైపు, రెండూ ఉండాలి. పని చేస్తోందో లేదో తెలియాలంటే ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారు సార్లు తొక్కండి, చివరిసారి తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బండి షెడ్డు గేటు దాటకూడదు.

వేడెక్కుతోంది

ఎక్కడ వేడెక్కుతోంది? ఔటర్ మీద స్పీడులో అయితే రాడియేటర్ చాలట్లేదు, లేదా పూడిపోయింది. రాళ్లలో మెల్లగా పాకేటప్పుడైతే ఫ్యాన్ సంగతి. లారీలో ఫ్యాన్ చుట్టూ కవర్ ఉంటుంది, మనవాళ్లు దాన్ని స్క్రాప్‌లోనే వదిలేస్తారు. కవర్ లేని ఫ్యాన్ వచ్చిన గాలినే మళ్లీ తిప్పుకుంటుంది. రేకుతో చేయించినా సరే, ఫ్యాన్ రెక్కలు కవర్ లోపల సగం, బయట సగం ఉండేలా చూడండి.

ఇంకొకటి: లారీ ఇంజన్ పొడుగు, జీపు బానెట్ పొట్టి. రాడియేటర్ మూత హెడ్ కంటే కిందికి వస్తే నీళ్లలో గాలి ఇరుక్కుంటుంది. ఇంజన్ కంటే ఎత్తులో చిన్న ట్యాంకు పెట్టి అక్కడి నుంచి నీళ్లు పోయాలి.

థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రాడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేయమనే ఉస్తాదులు మన ఊళ్లో కొల్లలు. చాలా ఇంజన్లలో అది పూర్తిగా తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. పీకేస్తే కొన్ని నీళ్లు రాడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్‌లో తిరుగుతాయి, మేలో మళ్లీ అదే గోస.

డెబ్బైకే అరుస్తోంది

ఇది రోగం కాదు, లెక్క. పాత జీపు క్రౌన్ రేషియో (ఇరుసులోని క్రౌన్-పినియన్ గేర్ల నిష్పత్తి) 5.38, టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకోండి. టాప్ గేరులో 3,000 ఆర్‌పీఎం దగ్గర స్పీడు 75 కిలోమీటర్లే. క్రౌన్-పినియన్ 4.27 వేస్తే అదే ఆర్‌పీఎంకు 94 వస్తుంది. ముందూ వెనకా రెండూ మార్చాలి. ఒకటే మార్చి ఫోర్ వీల్ వేస్తే గేర్లు కొరుక్కుంటాయి. డీజిల్ పంపు పెంచి స్పీడు తెద్దామనుకుంటే నల్లపొగ తప్ప ఏమీ రాదు.

గేరు పడదు, క్లచ్ వణుకుతుంది

ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే అడాప్టర్ ప్లేటు సెంటర్‌లో లేదు. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ పట్టి బెల్ హౌసింగ్ (క్లచ్ మీది డొప్ప) రంధ్రం చుట్టూ తిప్పితే ముల్లు 0.2 మిల్లీమీటర్లు దాటకూడదు. "కంటితో చూశాం, బాగుంది" అన్న లేత్ షాపు వల్ల నాకు రెండు పైలట్ బేరింగులు పోయాయి.

సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోంది

పెద్ద లారీలవి 24 వోల్టుల మోటార్లు, జీపుది 12. ముందు మోటార్ మీద రాసింది చదవండి. సరిగ్గానే ఉంటే ఇంజన్ నుంచి ఛాసిస్‌కు మందపాటి ఎర్త్ వైరు వేయండి. రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్‌కు వేరే సరైన ఎర్త్ దారి ఉండదు.

తాళం తీసినా ఆగట్లేదు

పంపులో డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లేదా సొలినాయిడ్ (కరెంటుతో నడిచే స్విచ్చు) కలపలేదు, అంతే. కానీ తనంతట తనే రేస్ అవుతూ తెల్లపొగో నీలిపొగో కక్కుతుంటే, ఇంజన్ ఆయిల్‌నే తాగుతోందన్నమాట. అప్పుడు డీజిల్ ఆపినా ఆగదు. బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి క్లచ్ వదలండి. కుదరకపోతే గాలి వచ్చే గొట్టానికి చెక్క పలక అడ్డం పెట్టండి. చేయి మాత్రం పెట్టొద్దు.