కొత్త కారు తీసుకుంటున్నారా? ఛాసిస్ నంబర్ బిల్లెక్కకముందే బండిని ఇలా చూసుకోండి

డెలివరీ రోజు కారును పరీక్షించడం అయ్యే పని కాదు. దండలు, కేకు, ఫొటోలు, ఇంటిల్లిపాదీ హడావుడి, ముహూర్తం దాటిపోతుందన్న తొందర. వీటి మధ్య డోరు అంచున గీత ఎవరికి కనపడుతుంది? కనపడినా అప్పటికే బండి గుర్తింపైన ఛాసిస్ నంబర్ ఇన్‌వాయిస్‌లోకి, ఇన్సూరెన్స్‌లోకి, లోన్ కాగితాల్లోకి ఎక్కి ఉంటుంది. ఇక బండి మార్చరు, మహా అయితే ఆ ముక్కకు రంగు వేసిస్తామంటారు. అందుకే బుకింగ్ అప్పుడే సేల్స్ అతనికి వాట్సాప్‌లో ఒక మాట పెట్టండి: "మాకు కేటాయించిన బండిని చూసి సరే అన్నాకే మిగతా డబ్బులు, ఆ తర్వాతే ఇన్‌వాయిస్." నోటిమాట సరిపోదు.

ఎక్కడ, ఎప్పుడు చూడాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ షోరూమ్‌లకు వచ్చే కార్లలో కొన్ని హైదరాబాద్ శివారు యార్డుల నుంచి వస్తాయి. అటు నార్కట్‌పల్లి మీదుగా వచ్చినా, ఇటు జడ్చర్ల మీదుగా వచ్చినా సుమారు 100 కిలోమీటర్లు. లారీ మీద ఎక్కించి తెస్తే మీటరు 50 లోపే ఉంటుంది. తోలుకొని తెస్తే 100 దాటుతుంది. అది మోసమేమీ కాదు గానీ ముందే చెప్పాలి. 250, 300 చూపిస్తే మాత్రం లెక్క అడగండి, టెస్ట్ డ్రైవ్‌లకు తిప్పిన బండి అయ్యుండొచ్చు. వీలైతే లారీ మీదే తెప్పించమనండి, కొత్త ఇంజన్‌ను ఎవరో డ్రైవర్ హైవే మీద ఎలా తోలాడో మనకు తెలియదు.

పొద్దున ఎండలో చూడాలి. షోరూమ్ లైట్ల కింద ప్రతి కారూ మెరుస్తుంది. బండి కడిగి, ఆరి ఉండాలి, ఎందుకంటే తడి మీద సన్నగీతలు కనపడవు. ఫోన్ టార్చి, తెల్ల గుడ్డ, గాలి చూసే గేజి, యూఎస్‌బీ కేబుల్ తీసుకెళ్లండి. గంటన్నర పడుతుంది.

ముందు బండి వయసు

ఛాసిస్ నంబర్‌లో అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 17 ఉంటాయి. చాలా కంపెనీల్లో పదోది తయారైన సంవత్సరం: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. నెలను చూపే అక్షరం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ఫారం 21, అంటే సేల్ సర్టిఫికెట్‌లో సరిచూసుకోండి. తయారైన నెల, సంవత్సరం రెండూ అందులో రాయాలి. బండి మీద కొట్టిన ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండింటినీ ఫొటో తీసుకోండి. డెలివరీ రోజు అదే బండి ఇస్తున్నారా లేదా అన్నది దీంతోనే తేలుతుంది.

టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లూ చూడండి. నాలుగు ఒక కాలానివి, ఒకటి వేరే కంపెనీదో చాలా తర్వాతదో అయితే ఎందుకు మార్చారో అడగాలి.

జనవరి, ఫిబ్రవరిలో కొనేవాళ్లకు పోయిన ఏడాది బండి అంటగట్టే ప్రయత్నం మామూలే. తీసుకోవచ్చు, కానీ రేపు అమ్మేటప్పుడు తయారీ సంవత్సరాన్నే చూస్తారు కాబట్టి ఆ తేడా ఇప్పుడే ధరలో తగ్గించుకోవాలి. నాలుగైదు నెలలు యార్డులో నిలబడ్డ బండికి బ్యాటరీ నీరసపడుతుంది, టైరు నేలకానిన చోట చదునవుతుంది, ఎలుకలు దూరే వీలూ ఎక్కువ.

రంగు, సొట్టలు

ఇక్కడ తొందరపడొద్దు. ఒక్కో డోరు దగ్గర కూర్చొని, కన్ను రేకుకు సమాంతరంగా పెట్టి, పక్క నుంచి చూడండి. ఎదురుగా నిలబడితే సొట్ట కనపడదు, పక్క నుంచి చూస్తే ప్రతిబింబం వంకర తిరుగుతుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు ఎడమ పక్క ఎంతుందో కుడి పక్కా అంతే ఉండాలి.

మళ్లీ రంగు వేశారేమో తెలియాలంటే డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ను వేలితో పక్కకు తోసి చూడండి. కంపెనీ రంగు లోపలి దాకా ఒకేలా పోతుంది. తర్వాత వేసినదైతే అక్కడ సన్నని గట్టులా గీత ఉంటుంది, లేదా రబ్బరు మీద రంగు తుంపర పడి ఉంటుంది. ఆ చోట గోటితో తడిమితే గరుకు తగులుతుంది. డోరు బందుల బోల్టులు, బానెట్ బోల్టుల మీద పాన పెట్టిన గుర్తులూ చూడండి. ఒక బోల్టు మీద రంగు చిట్లినంత మాత్రాన అనుమానపడక్కర్లేదు, ఫ్యాక్టరీలోనూ డోరు సరిచేస్తారు. ఒకే పక్కన అన్నీ చిట్లి, అవతలి పక్క కొత్తగా ఉంటేనే అడగాలి. బంపర్ ప్లాస్టిక్, డోరు రేకు. ఆ రెంటి రంగులో వెంట్రుకవాసి తేడా చాలా కార్లలో ఉంటుంది, దానికి గొడవపడి లాభం లేదు.

లోపల, బానెట్ కింద

మ్యాట్లు ఎత్తి కార్పెట్ మూల నొక్కండి. తడి, బురద, ముక్కిన వాసన ఉంటే, సీటు పట్టాలకు తుప్పు ఉంటే, బండిని వద్దనండి. డిక్కీలో స్టెప్నీ గుంట కూడా చూడాలి, నీళ్లు చేరితే ముందు అక్కడే నిలుస్తాయి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే కాసేపు ఆగండి. కీ ఆన్ చేయగానే మీటరులో హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి, స్టార్టయ్యాక కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోయినా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. కింద నీళ్ల చుక్కలు పడుతుంటే కంగారు పడొద్దు, అవి ఏసీ నీళ్లు. జిడ్డుగానో రంగుగానో ఉంటే లీకు.

ఆ తర్వాత అన్ని స్విచ్చులూ ఒకసారి: నాలుగు అద్దాలు, వైపర్లు, హారన్, వెనక కెమెరా, అద్దాల మడత, ఏసీ, ప్రతి సీటు బెల్టు. రెండు తాళాలు, జాకీ, వీల్ పాన, టోయింగ్ హుక్, ట్రయాంగిల్, మాన్యువల్ లెక్క చూసుకోండి. స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ వచ్చే మోడళ్లున్నాయి, అది బుక్ చేసేటప్పుడే తెలుసుకోవాలి. దొరికిన ప్రతి లోపాన్నీ ఫొటో తీసి, కాగితం మీద రాసి షోరూమ్ సంతకం తీసుకోండి.

కాగితాల్లో రెండు మాటలు

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట ధర కనుక్కోండి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే భాగం, మూడేళ్లకు ఒకేసారి కడతాం. కానీ మన బండి దెబ్బతింటే డబ్బులిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం సాధారణంగా ఏడాదికే ఉంటుంది. మూడేళ్లు కట్టేశాం కదా అని రెండో ఏడు మరిచిపోయేవాళ్లు చాలామంది. కారు ధర 10 లక్షలు దాటితే షోరూమ్ ముందే వసూలు చేసే 1 శాతం పన్ను (టీసీఎస్) ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, కాబట్టి పాన్ నంబర్ సరిగ్గా ఇవ్వండి.

ఫాస్టాగ్ మొదట ఛాసిస్ నంబర్ మీదే ఇచ్చి ఉండొచ్చు. టీజీ 05 (నల్లగొండ) గానీ టీజీ 06 (మహబూబ్‌నగర్) గానీ మీ నంబర్ రాగానే దాన్ని మార్పించాలి. పంతంగి, రాయికల్ టోల్ గేట్లు తరచూ దాటేవాళ్లు వార్షిక పాస్ తీసుకోవాలనుకుంటే, ఛాసిస్ నంబర్ మీదున్న ఫాస్టాగ్‌కు అది ఇవ్వరు.

పూజ రోజు

యాదగిరిగుట్టకో, చెర్వుగట్టుకో, మన్యంకొండకో తీసుకెళ్తారు. దండల్లోని ఇనుప తీగె బానెట్‌కు తగలకుండా కట్టండి, కొత్త కారుకు తొలి గీత తరచూ పడేది అక్కడే. పసుపు, కుంకుమలను పొడిగుడ్డతో రుద్దొద్దు, ముందు నీళ్లు పోసి తడిగుడ్డతో తీయాలి. కర్పూరం పళ్లెం బానెట్ మీద పెట్టొద్దు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు, ఆటోమేటిక్ బండైతే, బ్రేకు మీది కాలు మెల్లగా వదిలితే చాలు, దానంతటదే కదులుతుంది. యాక్సిలరేటర్ ముట్టొద్దు, ఎదురుగా మనుషుల్ని నిలబెట్టొద్దు.

మొదటి 1,000 కిలోమీటర్లు

యార్డుల్లో టైర్లు చదునవకుండా గాలి ఎక్కువ కొడతారు. 45 పీఎస్ఐ దాటి ఉన్నా ఆశ్చర్యం లేదు. అలాగే తోలితే బండి ఎగురుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్‌లో ఎంత రాస్తే అంతకు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సరిచేయించండి. కొత్త బ్రేకులు, టైర్లు పట్టు కుదురుకోవడానికి 200, 300 కిలోమీటర్లు పడుతుంది, అందాకా ముందు బండికి దూరంగా ఉండండి.

ఇంజన్‌కు ఒకే వేగం మంచిది కాదు. కారుతో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో వేరే అంకె లేకపోతే 3,000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపు, వేగం పెంచుతూ తగ్గిస్తూ తోలండి. 44వ నంబర్ హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో కర్నూలు దాకా పోవడం ఈ దశలో వద్దు.

మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎండలో కడిగి వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి, అవి ముదిరితే పాలిష్ పెట్టినా పోవు. నీడలో కడిగి, ఆరకముందే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. చివరి నీళ్లు భగీరథ నల్లావైతే మంచిది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు కారుకు అస్సలు వాడొద్దు, ఉన్న ఉప్పంతా చిక్కబడేది వాటిలోనే.

డెలివరీ కౌంటర్‌లో అమ్మే అండర్‌బాడీ కోటింగ్ మనకు పెద్దగా అవసరం లేదు. సముద్రం గాలి లేని నేల ఇది, పైగా అజాగ్రత్తగా కొడితే నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. సీట్ కవర్లు వేయిస్తే సీటు పక్కనున్న ఎయిర్‌బ్యాగ్ కుట్టు దగ్గర తెరిచి ఉండేవే వేయించండి. అదనపు లైట్ల కోసం వైర్లు కోయనివ్వొద్దు, వారంటీ పోవచ్చు. బంపర్ ముందు బిగించే ఇనుప గార్డు 2017 నుంచే నిషేధం.

కోతల కాలంలో కంది, జొన్న రోడ్ల మీద కల్లం వేస్తారు. పక్కదారి లేక దాని మీదుగా పోతే దాటగానే బండి ఆపి కిందకు వంగి చూడండి. ఎండుగడ్డి సైలెన్సర్ గొట్టానికి చుట్టుకుంటే ఆ వేడికి అంటుకుంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక కట్టెతో లాగేయండి. పొలం పక్కన, గడ్డివాము దగ్గర రాత్రిళ్లు బండి పెట్టేవాళ్లు వారానికోసారి బానెట్ ఎత్తి ఎలుక పెంటికలు, కొరికిన వైర్ల కోసం చూడాలి.

మొదటి ఉచిత సర్వీసు చాలా కంపెనీల్లో 1,000 కిలోమీటర్లకో నెలకో, ఏది ముందైతే అది. అది ఎక్కువగా తనిఖీయే. ఈ లోపు విన్న చప్పుళ్లు, ఏ వేగంలో వచ్చాయో రాసుకుపోయి జాబ్ కార్డులో, అంటే సర్వీసులో చేసే పనులు రాసే కాగితంలో, ఎక్కించండి. ఇంజన్ ఫ్లష్ (ఇంజన్ లోపల కడగడం) లాంటివి జాబ్ కార్డులో కనిపిస్తే కొట్టేయించాకే సంతకం పెట్టండి.