బోస్టన్ టీ పాఠం ఒక్క పీరియడ్‌లో చెప్పాలంటే

ఇరవై రెండేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మొదటి ఏడాది బోర్డు మీద "పన్ను వల్ల టీ ధర పెరిగింది, అందుకే అమెరికా వలసల వాళ్లు తిరగబడ్డారు" అని రాసేశాను. తప్పు. 1773లో ఈస్టిండియా కంపెనీ టీ ధర తగ్గింది. తగ్గితే కోపమెందుకు, ఆ డిసెంబరులో బోస్టన్ రేవులో ఓడల మీది టీని నీళ్లలోకి పారబోయడమెందుకు? పాఠమంతా ఈ ముడి విప్పడం మీదే నడపండి.

తరగతికి ఒక పేకకట్ట, రూపాయి బిళ్ల, రెండు టీ పొట్లాలు తీసుకెళ్లండి. పేకకట్ట చూసి ప్రధానోపాధ్యాయులు ముఖం చిట్లిస్తే 1765 నాటి స్టాంపు చట్టం చూపండి. పేకకట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగుల సుంకం అందులోనే ఉంది. పత్రికలు, వీలునామాలు, కాలేజీ పట్టాలు కూడా తప్పించుకోలేదు.

స్టాంపు అంటే పిల్లలు బిళ్ల అంటించడమనుకుంటారు. అది ఎక్కువగా లండన్‌లో కాగితం మీద ఒత్తి పంపిన ముద్ర. రూపాయి బిళ్ల మీద కాగితం పరచి గోటితో రుద్దమనండి. ఉబ్బిన గీతలు వేలికి తగులుతుండగానే కారణం చెప్పండి: 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధం బ్రిటన్‌ను అప్పుల్లో ముంచింది. అమెరికాలోని సైన్యం ఖర్చులో కొంత వలసలే భరించాలంది పార్లమెంటు. అందులో వాళ్లు ఎన్నుకున్న సభ్యుడు ఒక్కడూ లేడు. 1765 ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ చెట్టుకు వేలాడింది. మరుసటి ఏడాది చట్టం రద్దయింది. ఆ తర్వాత గాజు, కాగితం, టీ వంటి దిగుమతుల మీద వేసిన టౌన్‌షెండ్ సుంకాల దగ్గర ఎక్కువసేపు ఆగకండి. 1770లో టీ మీద తప్ప మిగతావన్నీ ఎత్తేశారని చెబితే చాలు.

ఇక పొట్లాలు. ఒకదాని మీద "డచ్చి దొంగసరుకు, 10 రూపాయలు", రెండోదాని మీద "కంపెనీ సరుకు, పన్నుతో కలిపి 9 రూపాయలు" అని రాయండి. ఇవి ఆట కోసం వేసిన లెక్కలు, అసలు సుంకం పౌనుకు 3 పెన్నీలు. ఏది కొంటారంటే క్లాసంతా తొమ్మిదే అంటుంది. అప్పుడు చెప్పండి: ఆ పన్ను గవర్నరు జీతానికి పోతుంది. ఇంతకుముందు ఆ జీతం మీ వలస ఎన్నుకున్న సభ ఇచ్చేది, నచ్చకపోతే బిగబట్టేది. ఇక కుదరదు. పైగా బోస్టన్‌లో ఆ టీ అమ్మే హక్కు దక్కిన కొద్దిమందిలో గవర్నరు హచిన్సన్ కొడుకులిద్దరున్నారు. వెనుక బెంచీ నుంచి "ఓహో" వినిపిస్తుంది. ముడి విడినట్టే.

డిసెంబరు 16 రాత్రికి, టీ పారబోసినవాళ్లు వేసిన అమెరికా ఆదివాసుల వేషాల కంటే ఆటుపోట్లు ముఖ్యం. మూడు ఓడల సరుకు పారబోసేవేళ నీరు తక్కువగా ఉండటంతో టీ ఓడల పక్కనే గడ్డివాములా పేరుకుంది. ఏళ్ల తర్వాత కలిసిన పిల్లలకు కూడా గుర్తుండేది అదే.

అస్సాం టీయా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కాదు, చైనా టీ. కంపెనీ మాత్రం మనకు తెలిసిన ఈస్టిండియా కంపెనీయే. బోస్టన్‌లో దిష్టిబొమ్మ వేలాడటానికి రెండు రోజుల ముందు, 1765 ఆగస్టు 12న, దానికి బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసే హక్కు, దక్కింది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం ఉన్న ఉత్తర సర్కార్లకు మొగలు ఫర్మానా కూడా ఆ ఏడాదే. పటంలో రెండు చోట్లా వేలు పెట్టించండి.

ఇంటిపనిగా పాత దస్తావేజు మీద ఏ ముద్ర ఉందో చూసి రాయమనండి. కాగితం మాత్రం బడికి తేవద్దని గట్టిగా చెప్పండి. ఒకసారి ఒక పిల్లవాడు తాతగారి పొలం దస్తావేజు పుస్తకాల సంచిలో పెట్టుకొచ్చాడు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి వాళ్ల ఇల్లంతా బడి గేటు ముందుంది.